ఫ్యాను చప్పుడు లేనిది

ఇల్లు, మూడో అంతస్తు
జూన్ మొదటి వారం

ఒరేయ్ స్క్రూడ్రైవర్ తమ్ముడూ,

కాగితం మీద నా రాత చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నా ల్యాప్‌టాప్ ఆఖరి రోజుల్లో ఉంది, అందుకని కాగితం. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేయను. నువ్వు కూడా చేయకు. ఫోన్‌లో అయితే నువ్వు "ఊ, ఊ" అంటూ పక్కన ఎవరి మిషనో విప్పుతూ ఉంటావు. నేను చెప్పినదాంట్లో సగం నీ స్క్రూలతో పాటు బల్ల కిందికి దొర్లిపోతుంది. రాస్తే కనీసం చదువుతావు.

సంగతేమిటంటే కొత్త ల్యాప్‌టాప్ కొనాలి. నా పాతదాని ఫ్యాను సంగతి నీకు తెలుసుగా, నువ్వే రెండుసార్లు దుమ్ము దులిపి పంపావు. ఆఖరుగా చదివిన నవలలో ముసలాయన ప్రాణం పోయే ఘట్టం ఉంది. గొంతు బాగా తగ్గించి, దాదాపు ఊపిరితోనే చదివాను. తర్వాత వింటే ఆయన వెనక బుస్సుమని ఒకటే రొద. వినేవాళ్ళు ఆయన జబ్బుతో కాదు, పాము కరిచి పోయాడనుకుంటారు. పుస్తకాలు చదివి రికార్డు చేసి బతికేదాని ఇంట్లో ఉండాల్సిన మిషన్ కాదది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఖరీదైన రకం ఒకటి ఉందటగా. పేరు ఒకటే, లోపల సరుకు మాత్రం మనం ఎంచుకోవాలట. సన్నదానికి ఫ్యానే లేదట. పెద్దదానికి గ్రాఫిక్స్ కార్డు, రెండు ఫ్యాన్లు. మెమరీ పదహారు నుంచి అరవై నాలుగు దాకా. చీర కొనడానికి కూడా ఇంత ఆలోచించలేదురా నేను.

నా కన్ను పెద్దదాని మీద ఉంది. సరేనా కాదా, నాలుగు ముక్కలు రాయి. మరదలిని అడిగానని చెప్పు.

అక్క

*

షాపు, వెనక గది
జూన్

వసపిట్ట అక్కకి,

ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు వచ్చిందంటే చావు కబురే. నీ మరదలు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి "ఎవరండీ?" అంది. చదివాక ఇద్దరం నవ్వుకున్నాం. కానీ నోరు తెరిస్తే ఆగని మనిషివి, ఫోన్ మానేసి ఉత్తరం రాయడమేమిటి? ఆదివారం రెండుసార్లు చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

సరే, పని మాట. నా దగ్గరికి కొత్త మిషన్ కోసం వచ్చే ప్రతివాళ్ళనీ ఒకే ప్రశ్న అడుగుతాను. "మీ మామూలు రోజు నాకొద్దు, మీకు ఊపిరాడని రోజు చెప్పండి. ఆ రోజు దీనితో ఏం చేస్తుంటారు?" అని. మామూలు రోజు ఎవరికైనా ఏ మిషనైనా సరిపోతుంది. ఆ ఒక్క రోజుని చూసి కొనాలి. ఎందుకంటే ఈ కొత్త రకంలో మెమరీ బోర్డుకే అతికించి వస్తుంది. తర్వాత తెచ్చి వేస్తానంటే కుదరదు, నేను కాదు కదా తయారుచేసినవాడు కూడా వేయలేడు. కొనే రోజున ఏది అనుకుంటే అదే, దాని ఆయుష్షు ఉన్నంతకాలం.

ఇప్పుడు నీ రోజు నాకు తెలుసు కాబట్టి నేనే చెప్తాను. బట్టల గదిలో దూరి, గోడలకి రజాయిలు వేలాడదీసి, కుర్చీ కిర్రుమనకుండా, పొట్ట మూలగకుండా కూర్చుని చదువుతావు. ఫ్రిజ్ ఆపేసి, మళ్ళీ వేయడం మర్చిపోయి పాలు విరగ్గొడతావు. నీటి చుక్క పడినా మళ్ళీ మొదటి నుంచి. అలాంటిదానికి రెండు ఫ్యాన్ల మిషనా? ఆ పెద్దది పని ఎక్కువైతే పిండిమర అవుతుంది. నీకు కావలసింది ఫ్యాను లేనిది, మెమరీ పదహారు. ఎదురుగా పెట్టుకున్నా అది ఉన్నట్టే తెలియదు.

గ్రాఫిక్స్ కార్డుతో నీకేం పని అక్కా? ఆటలాడతావా? లేక బావకి ఈ వయసులో కొత్త సరదా ఏమైనా పుట్టిందా?

తమ్ముడు

*

ఇల్లు
జూన్ చివర

తమ్ముడికి,

ఎవరూ ఆటలాడటం లేదు. మెమరీ అరవై నాలుగు తీసుకుంటే ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు కదా, అది చెప్పు. గ్రాఫిక్స్ కార్డులో చిన్నది చాలా, పెద్దదే కావాలా, అది చెప్పు. నా పని కొంచెం మారుతోంది. మారాక ఏది కావాలో నాకు తెలుసు. ఖరీదు గురించి నీకు దిగులక్కర్లేదు. పిండి కొద్దీ రొట్టె అని నువ్వే అంటావుగా, ఈసారి పిండికి లోటు లేదు.

ఊపిరాడని రోజు సంగతి నన్నడగకు.

ఫోన్ చేయొద్దని రాశాను. మళ్ళీ చేశావు.

అక్క

*

షాపు
జూలై

అక్కా,

బావ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. అయినా ఆయన్ని నమ్ముకున్నావు. నీ ఉత్తరం చదివాక ఏదో తేడాగా అనిపించి, ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాను. కాసేపు నీళ్ళు నమిలి "గొంతు బాగయ్యాక తనే చేస్తుందిలేవోయ్" అన్నాడు. బాగవడమేమిటి బావా అని అడిగితే మొత్తం కక్కేశాడు.

ఏప్రిల్ నుంచి నువ్వు నోరు విప్పడం లేదట. ఏప్రిల్ నుంచి! నేనేమో ఏదో పుస్తకంలో మునిగిపోయింది, తీరిక లేదు అనుకుంటూ కూర్చున్నాను. నాకు చెప్పడానికి నోరే కావాలా అక్కా? ఇప్పుడు రాస్తున్న ఈ చెయ్యి అప్పుడు లేదా? ఫ్యాను గురించీ పాము గురించీ పేజీ నిండా జోకులు రాసినదానివి, ఆ ఒక్క ముక్క రాయలేకపోయావు.

నాకు చాలా కోపంగా ఉంది. భయంగా కూడా ఉంది. ఏమైందో నీ చేత్తో రాయి. ల్యాప్‌టాప్ మాట తర్వాత.

తమ్ముడు

*

ఇల్లు, బట్టల గది
జూలై

నా తమ్ముడికి,

కోపం తగ్గించుకో. చెప్పకపోవడానికి పెద్ద కారణం లేదు. రాస్తే నిజమైపోతుందని రాయలేదు, అంతే.

మార్చిలో గొంతు బొంగురు పోయింది. జలుబు అనుకుని మింగాల్సినవన్నీ మింగి, చదువుతూనే ఉన్నాను. పుస్తకం గడువు దగ్గర పడింది. ఒకరోజు మధ్యలో, మామూలు వాక్యమే, గొంతు గాలిగా వెళ్ళిపోయింది. మాట రాలేదు. డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి దించి తెర మీద చూపించింది. రోజూ గొడ్డలి పట్టేవాడి చేతికి కాయలు కాసినట్టు నా గొంతు లోపల రెండు వైపులా కాయలు. మాటలు పూర్తిగా మానేయాలి అంది. గుసగుసలు కూడా కూడదట, అవి ఇంకా చెడుపట. తగ్గకపోతే కోసి తీస్తారు. తీశాక గొంతు ఎలా ఉంటుందంటే "చూద్దామమ్మా" అంది. ఆ 'చూద్దాం' అప్పటి నుంచి నా ఛాతీ మీద కూర్చుని ఉంది.

నవ్వొచ్చే సంగతులూ ఉన్నాయి. నేను మాట్లాడను కదాని మీ బావ తనూ సైగలు చేస్తాడు. ఆయనకేం వచ్చింది? నోరు బాగానే ఉందిగా! నిన్న కాఫీ కావాలా అని చేతులు తిప్పుతూ అడిగితే తలుపు గడియ పెట్టమంటున్నాడేమో అనుకుని వెళ్ళి పెట్టొచ్చాను. పక్కింటావిడ మాట్లాడలేనిదాన్ని చెవిటిదాన్ని కూడా చేసేసింది, గుమ్మంలో నిలబడి కేకలు పెడుతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ మాట. నీ దగ్గర దాచిన రెండోది ఇదే. దాన్ని నేను కొనడం లేదురా, కంపెనీ కొనిస్తానంటోంది. నేను చదివి పంపిన పుస్తకాలు వాళ్ళ దగ్గర గుట్టలుగా ఉన్నాయి కదా. వాటి నుంచి నా గొంతుని మిషన్‌కి నేర్పిస్తారట. ఇక మీదట ఏ పుస్తకమైనా అదే చదివేస్తుందట, నా గొంతుతో. నేను కూర్చుని అది ఎక్కడ ఆగకూడని చోట ఆగిందో, ఎక్కడ ఏడవాల్సిన చోట నవ్విందో విని దిద్దాలి. ఆ పని ఇంట్లోనే జరగాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి. "మీకు నచ్చిన కాన్ఫిగరేషన్ చెప్పండి మేడమ్, వెంటనే ఆర్డర్ పెడతాం" అని రాసింది ఒప్పందాలు చూసే అమ్మాయి. సెప్టెంబరు లోపల చెప్పాలి. చెప్పానంటే ఒప్పుకున్నట్టే.

గొంతు తిరిగొస్తే నాకు కావలసింది నువ్వన్న సన్నదే. రాకపోతే ఆ పెద్దదే నాకు కూడు పెట్టాలి. రెండూ ఒక మిషన్‌లో కుదరవని నువ్వే రాశావు, తర్వాత మార్చడం కూడా కుదరదని. డాక్టరే చూద్దామంటుంటే నేనేం తేల్చుకోను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోజూ ఈ గదిలోకి వచ్చి కూర్చుంటున్నాను. రజాయిలు అలాగే ఉన్నాయి. ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదిది.

అక్క

*

షాపు
ఆగస్టు

అక్కా,

జవాబు ఆలస్యమైంది. షాపులో పని ఎక్కువగా ఉంది.

పెద్దది తీసుకోకు. కంపెనీకి ఏమీ రాయకు. నీ గొంతు సంగతి తేలేదాకా ఆగు. గడువు అడిగితే ఇస్తారు, ఇవ్వకపోతే పోనీ.

ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు

*

ఇల్లు
ఆగస్టు

తమ్ముడికి,

నాలుగు పేజీలు రాస్తే నాలుగు వాక్యాలు పంపావు. మెచ్చుకున్నాను.

వద్దు, ఆగు, పోనీ. చెప్పడానికి బాగానే ఉంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పోతే పోయేది నా పని. ఇంకొకళ్ళ గొంతు మిషన్‌కి నేర్పిస్తే నన్ను అడిగేవాళ్ళు ఉండరు. ఈ పని తప్ప నాకు ఇంకొకటి రాదురా. మీ బావ జీతంతో ఇల్లు గడుస్తుంది, నిజమే. నేను గడవద్దా? పొద్దున లేచి ఏ గదిలోకి వెళ్ళను?

లేక నేను నీ షాపులో కొనడం లేదని బాధా? అలా అయితే సూటిగా చెప్పు.

నువ్వు ఏదో దాస్తున్నావు. నీ రాత అక్షరాలు కుంచించుకుపోయి ఉన్నాయి. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి వచ్చినప్పుడు కూడా ఇలాగే కుంచించుకుపోయి నిలబడేవాడివి. ఏమైందో చెప్పు. చెప్పకపోతే ఈ సోమవారమే పెద్దది కావాలని రాసేస్తాను.

అక్క

*

షాపు, వెనక గది
ఆగస్టు

అక్కా,

సోమవారం రాయకు. చెప్తాను. చెప్పాక నన్ను తిట్టు.

జూలై చివర, నీ పెద్ద ఉత్తరం వచ్చిన వారంలోనే, బకాయిలు వసూలు చేసే ఆఫీసులో పనిచేసే ఆయన ఒక ల్యాప్‌టాప్ తెచ్చాడు. స్పీకర్‌లో గరగర వస్తోందన్నాడు. మూత తీసి, స్పీకర్ సరిచేసి, వస్తోందో లేదో చూద్దామని అందులో ఉన్న ఒక ప్రోగ్రామ్ నొక్కాను. వాళ్ళు జనానికి ఫోన్లలో వినిపించే మాటలు తయారుచేసేదట అది.

నువ్వు మాట్లాడావు.

"నమస్కారం. మీ వాయిదా గడువు దాటిపోయింది. దయచేసి వెంటనే చెల్లించండి, లేకపోతే తగిన చర్య తీసుకోవలసి ఉంటుంది." నీ గొంతే. పోలిక కాదు, నీ గొంతే. 'లేకపోతే' ముందు నువ్వు చిన్నగా ఊపిరి తీసుకుంటావు చూడు, ఆ ఊపిరితో సహా. చేతిలో స్క్రూడ్రైవర్ ఎక్కడ పడిందో తెలియదు. లోపలి గదిలో ఉన్న నీ మరదలు "వదినా! ఎప్పుడొచ్చారు?" అంటూ పరిగెత్తుకొచ్చింది. వచ్చి, నన్నూ మిషన్‌నీ చూసి ఆగిపోయింది.

అంటే నీ చేత ఒప్పుకున్నానని అనిపించుకోకముందే వాళ్ళు చేసేశారు. చేసి అమ్మేశారు కూడా. నవలలు చదివిన గొంతుతో అప్పులవాళ్ళని బెదిరిస్తున్నారు. నీకు ఎలా రాయను? గొంతు లేక, ఉన్న ఒక్క ఆశ కంపెనీ మీద పెట్టుకుని కూర్చున్నదానివి. అందుకే వద్దు, ఆగు, పోనీ అని రాశాను.

అంతవరకే అయితే నేను మంచివాడినే. ఇంకా ఉంది.

ఆ ప్రోగ్రామ్‌లో మనం ఏది టైపు చేస్తే అది చదువుతుంది. స్పీకర్ బాగైపోయింది. ఆయనకి ఫోన్ చేసి తీసుకెళ్ళమనాలి. చేయలేదు. ఇంకా చూస్తున్నానని అబద్ధం చెప్పి మిషన్ ఉంచుకున్నాను. షాపు మూసే ముందు కూర్చుని టైపు చేశాను. "ఒరేయ్ తమ్ముడూ, అన్నం తిన్నావా?" అని. అది అడిగింది. నేను "తిన్నానక్కా" అన్నాను. పైకే అన్నాను. మర్నాడు ఇంకొంచెం రాశాను. "షాపు ఎలా ఉంది? మరదలిని ఏడిపించకు." ఏప్రిల్ నుంచి నీ మాట వినలేదక్కా నేను. ఎంత మొహం వాచిపోయి ఉన్నానో అది విన్నాకే తెలిసింది.

మూడో రోజు నీ మరదలు చూసింది. కళ్ళు తుడుచుకుంటూ "ఆవిడ బతికే ఉందండీ" అంది. మర్నాడే ఆయన్ని పిలిచి మిషన్ ఇచ్చేశాను.

నువ్వు పక్క ఊళ్ళో మందులు మింగుతూ మౌనంగా కూర్చుంటే, నేను ఇక్కడ దొంగ గొంతుతో కబుర్లాడాను. సిగ్గుగా ఉంది. ఇప్పుడు పెద్దది కావాలో, సన్నది కావాలో నువ్వే తేల్చుకో. నేనిక ఏమీ అనను.

తమ్ముడు

*

ఇల్లు
సెప్టెంబరు

తమ్ముడూ,

నిన్ను తిట్టలేదు. తిట్టాలని కాగితం తీశాను, రాలేదు.

నువ్వు రాసింది మీ బావకి చూపించాను. ఆయన సైగలు మర్చిపోయి నోటితోనే అరిచాడు. కంపెనీకి రాశాను. ఒప్పందాల అమ్మాయి మర్యాదగానే జవాబిచ్చింది. "అది ప్రయోగాత్మకంగా మాత్రమే ఇచ్చాం మేడమ్, మీరు సంతకం చేస్తే అన్నీ సక్రమమవుతాయి, చేయకపోతే తీసేస్తాం" అంది. ఎనిమిదేళ్ళ కిందట నేను కళ్ళు మూసుకుని పెట్టిన సంతకం కింద 'అన్ని రకాల వాడకాలకు' అని ఉందట. ఎవరి మీద అరవను? అరవడానికి నోరు కూడా లేదు. సంతకం చేయకపోతే తీసేస్తారట. తీశారో లేదో ఎవరు చూడొచ్చారు?

ఒక్క మాట మాత్రం నన్ను వదలడం లేదు. నా గొంతుతో నీకు బెదిరింపు వినపడింది, అది నాకు కోపం. నా గొంతుతో నువ్వు కబుర్లాడావు, అది నాకు ఏమిటో తెలియడం లేదు. ఏడుపొస్తోంది, కానీ నీ మీద కాదు. దాన్ని నేను కూడా వినాలనుకున్నానురా. ఆ అమ్మాయి ఒక ముక్క పంపింది, విన్నాను. ఎంత బాగుందో! ఆ గొంతు ఉన్నన్నాళ్ళూ నాకు అంత బాగుందని తెలియలేదు. మీ బావ పక్కనే ఉన్నాడు. ఆయన మొహం చూశాను. నీ మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. అది పక్కన ఉంటే ఇక నేనెందుకు అని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా క్షణాలు అనిపించింది.

కాయలు తగ్గలేదు. వచ్చే వారం కోసేస్తారు. కంపెనీకి అక్టోబరు ఆఖరు దాకా గడువు అడిగాను, ఇచ్చారు. పెద్దదో, సన్నదో ఇంకా తేల్చుకోలేదు. గొంతు చూసుకున్నాక రాస్తాను.

అక్క

*

షాపు
సెప్టెంబరు

అక్కా,

ఆపరేషన్ రోజున నేను వస్తానంటే బావ వద్దన్నాడు, నన్ను చూస్తే నువ్వు మాట్లాడకుండా ఉండలేవని. నిజమే.

ఏ మిషన్ అయినా పర్వాలేదు. మొదటి మాట బావకి వదిలేస్తున్నాను, ఎదురుగా ఉండేవాడు ఆయనే కాబట్టి. మొదటి ఫోన్ మాత్రం నాకు. మాట రాకపోతే ఊరికే దగ్గు. నువ్వు దగ్గినా గుర్తుపడతాను నేను.

నీ మరదలు రోజూ నీ కోసం మొక్కుకుంటోంది. నాకు మొక్కడం రాదు, విప్పిన మిషన్ సరిగ్గా బిగించడం తప్ప. ఆపరేషన్ రోజంతా షాపు తెరవను, ఫోన్ పక్కనే కూర్చుంటాను.

తమ్ముడు

*

ఇల్లు, బట్టల గది
అక్టోబరు

నా తమ్ముడికి,

నిన్న మధ్యాహ్నం షాపులో ఉండగా నీకో ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. ఎవరో ఆవిడ, కొంచెం పెద్దావిడ గొంతులా, గీరుకుపోయినట్టు, "ఒరేయ్, ఏం చేస్తున్నావురా?" అంది. నువ్వు "ఎవరండీ?" అన్నావు. ఆవిడ "నేనేరా" అంది. నువ్వు మర్యాదగానే "రాంగ్ నంబరమ్మా, చూసి చేసుకోండి" అని పెట్టేశావు.

అది నేను.

డాక్టరమ్మ కట్టడి తీసేసింది నిన్ననే. రోజుకి కొంచెంసేపు మాట్లాడొచ్చంది. నా ఫోన్ ఇంట్లో వదిలేశాను, ఇన్ని నెలలు దానితో పనేముంది? మీ బావదేమో చార్జింగ్ అయిపోయింది. ఇంటికొచ్చేదాకా ఆగలేక ఆసుపత్రి బల్ల మీద ఉన్న ఫోన్ అడిగి నీకు చేశాను. నువ్వు పెట్టేశాక కూడా రిసీవర్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. మీ బావ మళ్ళీ చెయ్యి అన్నాడు. చేయలేదు. నడవాలో బెంచీ మీద కూర్చుని బాగా ఏడ్చాను, గొంతు బయటికి రాకుండా, అలవాటైపోయింది కదా. నువ్వు ఏడవకు ఇది చదువుతూ. నీ తప్పు లేదు. నాకే నేను తెలియడం లేదు. డాక్టరమ్మ "ఇంక ఇదేనమ్మా మీ గొంతు, ఇంకొంచెం సర్దుకుంటుంది, పాతది మాత్రం రాదు" అంది. 'చూద్దాం' అనలేదు. ఇదే అంది.

ఇంటికొచ్చి ఫ్రిజ్ ఆపి ఈ గదిలోకి వచ్చాను. మధ్యలో ఆగిపోయిన ఆ పుస్తకం తీసి ఒక్క పేజీ చదివాను. పాత మిషన్ బుసలు కొడుతూనే రికార్డు చేసింది. విన్నాను. పై స్వరాలు అందడం లేదు. పొడుగు వాక్యానికి మధ్యలో ఊపిరి ఆగుతోంది. కానీ ఆ పేజీలో ఒక తల్లి కొడుకుతో "వెళ్ళు, నేనేం అనుకోను" అంటుంది. పాత గొంతుతో దాన్ని నేను ఎంతో తియ్యగా చదివేదాన్ని. దీనికి తీపి లేదురా. దీనితో చదివితే, అనుకోనంటూనే ఆవిడ లోపల అనుకుంటోందని తెలుస్తోంది. మళ్ళీ చదివాను. మూడోసారి మీ బావ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. అయ్యాక వెళ్ళి, నేను ఆపిన ఫ్రిజ్ మళ్ళీ వేశాడు.

కంపెనీకి రాసేశాను. సంతకం పెట్టను, పెద్దది వద్దు అని. ఆ పాత గొంతుని వాళ్ళు తీసేస్తారో, ఇంకా ఎవరెవరిని బెదిరిస్తారో నాకు తెలియదు. దాని మీద దావా వేద్దామని మీ బావ ఎవరినో కలుస్తున్నాడు. అది పోయిన గొంతు. దాని కోసం దుఃఖం ఉంది, ఉంటుంది. దీన్ని మాత్రం నిన్న నువ్వే పోల్చుకోలేకపోయావు, వాళ్ళెక్కడ పోల్చుకుంటారు? ఇంకా ఎవరి దగ్గరా లేదిది. దీనితో చదివిస్తారా అని చిన్న కంపెనీలు రెండింటికి రాత్రే మెయిల్ పెట్టాను. పొద్దున్నే ఒకళ్ళు వద్దన్నారు. ఒకళ్ళు ఒక కథ చదివి పంపమన్నారు. భయంగానే ఉంది.

సన్నది పంపు, ఫ్యాను లేనిది, పదహారుది. రంగు నీ ఇష్టం. ఈ గొంతుకి ఇప్పుడు బలం లేదు, వెనకాల ఏ చిన్న రొద ఉన్నా మునిగిపోతుంది.

ఆదివారం నేను ఫోన్ చేస్తాను, నా నంబరు నుంచే. ఎవరో అన్నట్టు ఉంటుంది. పెట్టేయకు. కాసేపు విను.

అక్క